సైక్లోట్రాన్‌కు తాండూరు బండ

మీలో చాలామంది తాండూరు మీద నడిచే ఉంటారు. తాండూరు వెళ్లి మాత్రం ఉండరు. బడి వరండాలో, బ్యాంకు హాల్లో, మీ మేనమామ కొత్తగా కట్టించిన డాబాలో కాళ్లకింద చల్లగా తగిలే ఆ నీలి బూడిదరంగు బండ అక్కడిదే. నేనూ నలభయ్యో ఏడు దగ్గరపడేదాకా దాని మీద నడిచి ఊరుకున్నవాణ్ణే. ఎనభైల మొదట్లో ఒక ఏప్రిల్ నెలలో, ఒక్క బండ కోసం ఎనిమిది రోజులు ఆ ఊళ్లో మకాం వేశాను. బండ ఎందుకంటే, సైక్లోట్రాన్ కోసం. నవ్వకండి, చెప్తాను.

నేను బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టువాడి కొడుకుని. మా ఇంట్లో పిల్లలకి ఎక్కాల కంటే ముందు బేరం వస్తుంది. అలాంటివాణ్ణి దారి తప్పి ఫిజిక్సు లెక్చరర్నయ్యాను. పదకొండేళ్లుగా ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద రెండు అర్ధచంద్రాలు గీసి, వాటి మధ్య జిలేబీలా ఒక చుట్ట తిప్పి, "ఇది సైక్లోట్రాను. అయస్కాంతం కణాన్ని గుండ్రంగా తిప్పుతుంది. చుట్టు చుట్టుకీ విద్యుత్తు ఒక తోపు తోస్తుంది. వేగం పెరిగి పెరిగి చివరికి ఎదురున్నదాన్ని గుద్దుకుంటుంది. పది మార్కులు, రాసుకోండి" అని చెప్పేవాణ్ణి. నేనెప్పుడూ దాన్ని చూసిన పాపాన పోలేదు. చూడని సరుకు వర్ణించి అమ్మేవాణ్ణి మా నాన్న ఒకే ఒక్క మాటతో పిలిచేవాడు. ఆ మాట ఇక్కడ రాయలేను.

ఆ ఏడు కాలేజీకి ఒక కాగితం వచ్చింది. కలకత్తా దగ్గరున్న ప్రయోగశాలలో, వేసవి సెలవుల్లో, మే ఒకటి నుంచి, ఒక అధ్యాపకుడూ ఇద్దరు విద్యార్థులూ జట్టుగా వచ్చి ఆరువారాలు నిజమైన పని చేయవచ్చని. మేం రాశాం: కణాలను వంచే అయస్కాంతం ఎక్కడ ఎంత బలంగా ఉందో, చిన్న తీగచుట్టను జరుపుకుంటూ కొలుస్తామని. అక్కడి శాస్త్రవేత్త జవాబు రాశాడు. ఆలోచన బాగుంది, కానీ తీగచుట్టను జరపడానికి సమతలమైన బల్ల కావాలి. ఇనప బల్లయితే అయస్కాంతాన్ని పాడుచేస్తుంది, చెక్కబల్ల కలకత్తా చెమ్మకి ఉబ్బి వంకరపోతుంది. సిగరెట్టు కాగితం మందమైనా ఎత్తుపల్లం లేని బల్ల మీరు తెస్తే ఆరువారాలూ అయస్కాంతం మీది. తేలేకపోతే రెండు రోజులు వచ్చి చూసి వెళ్లండి.

బండ మాట అన్నది పద్మ. బీఎస్సీ ఆఖరి సంవత్సరం అమ్మాయి. మా ప్రయోగశాల నేలకి పరచగా మిగిలిన తాండూరు బండ మీద తీగచుట్టను జరిపి చూసి, "రాయికి అయస్కాంతం అంటదు, చెమ్మకి ఉబ్బదు. మందమైన బండ తెచ్చి సాన పట్టిస్తే చాలు మాస్టారూ" అంది. బెజవాడలో బండలమ్మేవాళ్లని అడిగితే, "కాగితం మందమా? మేం అమ్మేది నేలకండీ, నగకి కాదు" అని నవ్వారు. రెండో విద్యార్థిని తీగ చుట్టమని కాలేజీలో కూర్చోబెట్టి, మే ఒకటికి పది పదిహేను రోజుల ముందు మేం బయల్దేరాం. పద్మకి తోడుగా వాళ్ల మేనత్త వెంకాయమ్మగారు కూడా వచ్చారు. నా మీద నమ్మకం లేక కాదట, నా బేరాల మీద నమ్మకం లేకట. ఆ మాట ఆవిడే అన్నారు, నా ఎదురుగానే.

వికారాబాదు

ఆవిడ అనుమానం తాండూరు చేరకముందే నిజమైంది.

సికింద్రాబాదులో ప్యాసింజరెక్కాం. శంకరపల్లి దాటాక నేల రంగు మారింది. మా వైపు నల్లరేగడి మీద కాలవనీళ్లు మెరుస్తాయి. ఇక్కడ ఎర్రమట్టి, నడుమ నడుమ బండరాళ్లు, కోసేసిన కందిచేల మోళ్లు. వికారాబాదులో బండి ఆగగానే అనంతగిరి వైపు నుంచి చల్లగాలి వచ్చింది. ఏప్రిల్లో చల్లగాలి! బెజవాడవాడికి అది లాటరీ. దాంతో ఉత్సాహమొచ్చి ప్లాట్‌ఫారం మీదికి దిగాను. ఒకావిడ గంపలో కీరకాయలు నాలుగు పాయలుగా చీల్చి, ఉప్పూకారం చల్లి ఇస్తోంది.

"ఎంతమ్మా?"

"పావలకు రెండు సార్."

"మూడివ్వు."

"రెండే వస్తయి సార్. ఎండకాలం."

"మా ఊళ్లో నాలుగిస్తారు."

"మరి మీ ఊర్లెనే తినకపోయిండ్రు?"

ఇంత మాటన్నాక వదిలితే మా నాన్న ఊరుకోడు. చిన్నవైతే మూడు, పెద్దవైతే రెండు, ఒకటి పెద్దదీ రెండు చిన్నవీ అయితే ఎలా అని లెక్క తేల్చుకుంటున్నాం. చివరికి ఆవిడ మూడిచ్చింది. జయించినట్టు వెనక్కి తిరిగాను. బండి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం చివర కనిపిస్తోంది. కిటికీలోంచి వెంకాయమ్మగారి చెయ్యి ఒకటి ఊగుతోంది. వీడ్కోలా, తిట్టా తెలియలేదు.

గంపావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "గింత కీరకాయకు బండి ఇడ్సిపెట్టిండ్రా సార్! ఫికర్ చెయ్యకుండ్రి. బస్టాండు గాడనే ఉన్నది. తాండూరు బస్సు దొరుకుతది."

మూడు కీరకాయలూ నేనే తిన్నాను. చాలా బాగున్నాయి. అవి అంత బాగుండటమే నాకు కష్టమనిపించింది.

తాండూరు

బస్సులో నా పక్కన కూచున్న పెద్దాయన తాండూరు పక్క యాలాల్ ఊరి రైతు. కాళ్ల దగ్గర కందిపప్పు మూట. అది మా వైపు పప్పులా పెద్ద మంట మీద గంటసేపు ఉడకక్కర్లేదట, "పొయ్యి మొకం జూపిస్తె చాలు, ఉడుకుతది" అన్నాడు. సరుకుని పొగడటంలో మా బజారువాళ్లు ఈయన దగ్గర పాఠం నేర్చుకోవాలి. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డుకి రెండువైపులా బండలే. పేర్చినవి, నిలబెట్టినవి, విరిగిన ముక్కలతో కట్టిన గోడలు, ఆ గోడల మీద ఎండేసిన చీరలు. ఇంటి ముందు అరుగూ బండే, పైకప్పూ బండే. మావైపు తాటాకు ఎలాగో ఇక్కడ రాయి అలాగ.

బస్టాండులో దిగేసరికి సాయంత్రం నాలుగైంది. ఇద్దరు ఆడవాళ్లు తెలియని ఊళ్లో ఏమైపోయారో అని స్టేషనుకి పరుగెత్తాను. అక్కడ బెంచీ మీద మనిషెవరూ లేరు, పద్మ రాసిపెట్టిన చీటీ మాత్రం రాయి కింద ఉంది: "ఇమాంసాబు ఉస్తాదు ఇల్లు. పాత తాండూరు. ఎవర్ని అడిగినా చెప్తారు. అత్తయ్య కోపంగా ఉంది."

జరిగిందేమిటంటే, నేను దిగిపోయాక ఖాళీ అయిన నా చోట్లో వికారాబాదులో ఎక్కిన ఒకావిడ కూర్చుంది. పేరు ఖాజాబీ. మాటల్లో పద్మ బండ సంగతి చెప్పింది. ఖాజాబీ భర్త బండలు సానబట్టడంలో ఉస్తాదట. ఇంకేముంది, ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్లిపోయింది. నేను బండిలోనే ఉండి ఉంటే ఆ చోటు ఖాళీ అయ్యేది కాదు. ఈ వాదన వెంకాయమ్మగారి ముందు పెట్టాను. ఆవిడ ఒప్పుకోలేదు.

ఇమాంసాబు అరవై దాటిన మనిషి. వేళ్ల చివరలు అరిగి నున్నగా ఉన్నాయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, కందిపప్పు పెట్టారు. వెంకాయమ్మగారు తనవి తానే వండుకుంటానని బియ్యం, బొగ్గుల కుంపటి తెచ్చుకున్న మనిషి. పప్పు వాసనకి మనసు మార్చుకుని "పప్పు మాత్రం వెయ్యమ్మా" అన్నారు. రెండోసారి కూడా అన్నారు.

"ఇంతకు ఏం జేస్తరు సార్ గా మిషన్ల?" అని అడిగాడు ఉస్తాదు.

నేను నల్లబల్ల పాఠం మొదలుపెట్టబోయాను. పద్మ నన్ను ఆపి, రొట్టెముక్కతో పళ్లెంలో చుట్లు గీస్తూ చెప్పింది. కంటికి కనపడని రవ్వల్ని గిరగిరా తిప్పి, వేగం పెంచి, ఇంకో రవ్వకేసి కొడతారు. పగిలితే లోపల ఏముందో తెలుస్తుంది.

ఉస్తాదు తలూపాడు. "దెబ్బ గొడితేనే బండ లోపల ఏమున్నదో తెలుస్తది బిడ్డా. మేం గూడ గదే చేస్తం."

"కొట్టినంక ఏమమ్ముతరు?" అంది ఖాజాబీ.

సరిగ్గా ఇదే ప్రశ్న మా నాన్న నన్ను అడిగాడు. ఇంకో రొట్టె వెయ్యమన్నాను.

శాంతప్ప బండల అడితి

మర్నాడు ఉస్తాదు మమ్మల్ని ఊరి బయట గనికి తీసుకెళ్లాడు. గని అంటే లోతైన సొరంగం అనుకున్నాను. కాదు, పుస్తకం. రాయి పొరలు పొరలుగా పేజీల్లా ఉంటుంది. పనివాళ్లు పొరల మధ్య ఉలి పెట్టి, వరసగా చిన్న చిన్న దెబ్బలు కొడుతూ చెవి పెట్టి వింటారు. మోత మారిన చోట పేజీ లేస్తుంది. మా నాన్న మల్లుగుడ్డ చించేటప్పుడు కూడా ఇలాగే చెవి ఒగ్గేవాడు. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. పద్మ నన్ను లాక్కొచ్చింది.

కొనడం మాత్రం శాంతప్ప అడితిలో. ఆయన ఇంట్లో కన్నడం, గిరాకీతో తెలుగు, లెక్కలు ఉర్దూలో. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న బండలు చూపించాడు. ఒక్కోటి మోయడానికి ఇద్దరు కావాలి.

ఉస్తాదు మూడు బండలు పక్కకి తీయించాడు.

"మాకు కావాల్సింది ఒకటే కదా?" అన్నాను.

"మూడుండాలె సార్. ఒకదాని మీదొకటి రుద్దాలె. మా నాయిన గట్లనే చేస్తుండె."

ఇక్కడ నా బుర్ర పనిచేసిన తీరు చెప్పుకోవాలి. మా కొట్లో చీర ఒకటి కావాలని వచ్చినవాళ్లకి మూడు పరిచేవాళ్లం. రెండు కొనేవాళ్లు. మూడోది వాళ్లు వదిలేసినట్టు అనిపించడానికే. ఆహా, ఉస్తాదూ శాంతప్పా కూడబలుక్కున్నారు, నా ముందా ఈ ఆట అనుకున్నాను. ఒకదానికొకటి రుద్దాలంటే రెండు చాలు. ఇది నాకు లెక్క. రెండు గంటలసేపు వాదించి, ఇరవై రూపాయలన్న బండని పద్నాలుక్కి దించి, మూడోదాన్ని వెనక్కి పెట్టించాను.

"మీ ఇష్టం సార్. పైసలు మీయి" అన్నాడు ఉస్తాదు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు. అది గెలుపనుకున్నాను.

ఇసుక, నీళ్లు

మూడు రోజులు రుద్దారు. కింద ఒక బండ, పైన ఒక బండ, మధ్య ఇసుక, నీళ్లు. ఉస్తాదు ఆ పక్క, ఖాజాబీ ఈ పక్క, ఇటు తోసి అటు లాగి, కాసేపటికోసారి బండ తిప్పి. మొదట గరగర, ఇసుక సన్నమయ్యేకొద్దీ గుసగుస. నేను ఒక పూట పట్టాను. అరచేతులు పొక్కులెక్కాయి. "సార్ చెయ్యి సుద్దముక్కకు పుట్టింది" అంది ఖాజాబీ. పద్మ చేతులు మాత్రం ఆగలేదు.

నాలుగోనాటి మధ్యాహ్నం రెండింటినీ కడిగి, తుడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకెదురుగా పట్టాం. మధ్యలోంచి సూదిమొన వెలుగు రాలేదు. వెంట్రుక దూరలేదు. నేను కేక వేశాను. పరుగెత్తుకెళ్లి జిలేబీ కొనుక్కొచ్చాను, ఆ ఉత్సాహంలో కూడా పావుకిలోకి ఒక చుట్ట ఎక్కువ వేయించుకున్నాను.

తిరిగొచ్చేసరికి పద్మ బండ ముందు మోకాళ్ల మీద ఉంది. కాలేజీ వర్క్‌షాపు నుంచి తెచ్చిన తిన్నని ఉక్కుబద్దని ఒక బండకి అడ్డంగా నిలబెట్టి, అవతల ఎండ పడేలా చూస్తోంది.

"మాస్టారూ, ఇలా వంగండి."

వంగాను. బద్ద రెండు చివర్లూ బండకి అతుక్కున్నాయి. మధ్యలో సన్నని వెలుగు గీత. రెండో బండ మీద పెట్టాం. అక్కడ మధ్యలో ఆనింది, చివర్ల దగ్గర వెలుగు.

ఒకటి గిన్నె, ఇంకోటి గిన్నెకి సరిపోయే బొప్పి. రెండూ చక్కగా కలిసిపోయాయి. ఏదీ సమతలం కాదు.

జిలేబీ పొట్లం చేతిలో అలాగే ఉంది. బద్ద కింద సిగరెట్టు కాగితం రెండు మడతలు దూరింది. కలకత్తావాళ్ల లెక్కలో ఈ బండ బల్ల కాదు, పళ్లెం. మే ఒకటికి ఇంక ఎనిమిది రోజులు. పార్సిలు వెళ్లడానికే నాలుగు.

"ఉస్తాద్, నీకు తెలుసా ఇలా అవుతుందని?" అన్నాను.

ఆయన బీడీ పక్కన పెట్టి చెప్పాడు. "రెండు బండలు ఒకదానికొకటి సాచ్చం చెప్పుకుంటయి సార్. కోర్టుల ఇద్దరు దోస్తులు జెప్పినట్టు. మూడోడొస్తెనే అబద్దం బయటపడ్తది. గందుకే మూడన్న."

"మరి అప్పుడే ఈ మాట చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు అడగలే సార్. ధర అడిగిండ్రు."

ఫిజిక్సు లెక్చరర్ని నేను. ఒకటి రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది మొదటిదానితో వంతులవారీగా రుద్దితే ఏ వంపూ నిలవదని, బొప్పికి బొప్పి ఎదురైతే రెండూ అరగక తప్పదని నిలబడి రెండు నిమిషాలు ఆలోచిస్తే తెలిసేది. నేను నిలబడిన రెండు గంటలూ ఇరవైని పద్నాలుగు చేయడానికి ఖర్చయ్యాయి.

పద్మ ఉక్కుబద్ద తుడుచుకుంది. "వచ్చే ఏటికి నేను విద్యార్థిని కాను మాస్టారూ. ఇదొక్క వేసవే" అని మాత్రం అంది. వెంకాయమ్మగారైనా తిడితే బాగుండేది. ఆవిడ కుంపటి రాజేసుకున్నారు.

మళ్లీ శాంతప్ప

పొద్దున్నే అడితికి పరుగెత్తాను, పద్మ వెనకే. ఆ మూడో బండ ఇంకా అక్కడే ఆనించి ఉంది.

"శాంతప్పగారూ, అది కావాలి. ఇరవయ్యేగా? ఇదిగో."

శాంతప్ప డబ్బు వైపు చూడలేదు. బండ వైపు చూశాడు. లేచి వెళ్లి దాన్ని వేలితో కొట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"మొన్న రెండు గంటలు నా పానం తీసిండ్రు. ఇయ్యాల అడిగింది అడిగినట్టు ఇస్తమంటున్రు. ఏమున్నది గీ బండల?"

"ఏమీ లేదు. రుద్దుకోవడానికి."

"నేనమ్ముత లేను సార్."

నేను నిజం చెప్పాను. కలకత్తా, కణాలు, అయస్కాంతం. చెప్పేకొద్దీ ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "రవ్వలు తిప్పుతరంట! దీంట్ల బంగారమన్న ఉండాలె, వజ్రమన్న ఉండాలె" అని బండ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నలభై అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. ఆయన ఆ బండని లోపలికి మోయించబోయాడు.

పద్మ నా చొక్కా లాగింది. "మాస్టారూ, బేరమాడండి!"

జీవితంలో మొదటిసారి నాకు నాలుక మడతపడింది. "నలభయ్యా? ఎవరన్నారు నలభై? మూల విరిగిన బండకి నలభై ఎవడిస్తాడు? పన్నెండు!" అన్నాను.

శాంతప్ప ఆగాడు. "మూల ఏడ విరిగింది?"

"అదిగో. కళ్లద్దాలు పెట్టుకోండి. పైగా మచ్చ. పదకొండు."

"గది మచ్చగాదు సార్, రంగు!"

ఆయన మొహం తేటపడింది. ఊపిరి పీల్చుకుని మళ్లీ మనిషయ్యాడు. వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేశాను. గుండె మాత్రం బండ దగ్గరే ఉంది. వెనక్కి పిలవడేమోనని ఐదో అడుగు దగ్గర చెప్పు సరిచేసుకుంటూ ఆగాను. "పదిహేనుకు తీస్కపోండ్రి, దుకాణం మూసుకుంట మీకోసం!" అని కేక వినపడింది. పదిహేను. ఆ పొద్దున నా చేతి గడియారం అడిగినా ఇచ్చేవాణ్ణి.

మూడు బండలు

ఈసారి వంతులు అందరివీ. మొదటిదీ రెండోదీ, రెండోదీ మూడోదీ, మూడోదీ మొదటిదీ. బెజవాడలో ఏ ఇంట్లోనూ ఇలా ఊహించలేం: మడి మనిషి వెంకాయమ్మగారు చీర కుచ్చెళ్లు దోపుకుని బండ మీద నీళ్లు పోస్తుంటే, ఖాజాబీ "అక్కా, జర తక్కువ పొయ్యి, ఇసుక కొట్కపోతది" అని గదమాయించడం, ఆవిడ "అట్లాగేనమ్మా" అని బుద్ధిగా చెంబు వంచడం. నా పొక్కులు పగిలాయి, వాటి కింద కొత్తవి లేచాయి. అయినా ఆగలేదు. పద్మ ప్రతి గంటకీ ఉక్కుబద్ద పెట్టి చూసేది. వెలుగు గీత దారమైంది. దారం వెంట్రుకైంది.

మూడోనాటి సాయంత్రం వెలుగు కనపడలేదు. ఏ బండ మీదా, ఏ వైపు తిప్పినా. సిగరెట్టు కాగితం ఎక్కడా దూరలేదు. నేను నమ్మలేదు, మోసపోయినవాణ్ణి కదా. ఉస్తాదు మూడు జతల్నీ వంతులవారీగా తడి బండ మీద తడి బండ పెట్టి చూపాడు. ఆయనా నేనూ పైదాని అంచులు పట్టుకుని ఎత్తాం. ప్రతి జతలోనూ కిందది కూడా లేచింది! ఒక్క క్షణం గాలిలో రెండూ కలిసి ఉండి, కిందది దబ్బున ఇసుకలో పడింది. పద్మ చప్పట్లు కొట్టింది. వెంకాయమ్మగారు చెంబు వదిలేశారు.

ఇప్పుడు మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇది నా విద్య. అంచులు చూశాను, మోత విన్నాను, చేత్తో తడిమాను.

"ఏది మంచిది ఉస్తాద్?"

"మూడు ఒక్క తీరే సార్. ఒకటి బాగలేకుంటె మూడూ బాగలేనట్టే."

పద్మ దగ్గరున్నదాన్ని ముట్టుకుని, "ఇది" అంది. మిగిలిన రెండూ ఉస్తాదు దగ్గరే వదిలాం. ఆయన కూలి తీసుకున్నాడు, పైన ఏమీ అడగలేదు. "గా రవ్వలు పగిలితే ఏమున్నదో ఖత్ రాయుండ్రి" అన్నాడు. గోనె, వరిగడ్డి చుట్టి బండని స్టేషన్లో పార్సిలు చేశాం. ప్యాసింజరులో తిరిగొచ్చేటప్పుడు వికారాబాదులో వెంకాయమ్మగారు నా పక్కనే కూచుని నా భుజం మీద చెయ్యి వేసి, బండి కదిలేదాకా తీయలేదు.

అయస్కాంతం ముందు

కలకత్తా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇది తాండూరు యాత్ర కాబట్టి.

ఆ శాస్త్రవేత్త మేం గడ్డి విప్పుతుంటే చేతులు కట్టుకుని చూశాడు. బండని ఇత్తడి కాళ్ల మీదికెక్కించాక, కొలిచే సూది ఒకటి తెచ్చి దాని మీద ఈ చివర్నించి ఆ చివరికి నడిపించాడు. అడ్డంగా, నిలువుగా, మూలనుంచి మూలకి. ఆయన సూది పెట్టెలో పెట్టుకుని, "జూన్ సగం దాకా ఈ అయస్కాంతం మీది" అన్నాడు, భోజనానికి వెళ్లిపోయాడు. పొగడ్త అంతే. మాకది చాలు.

మధ్యాహ్నం కరెంటు పెట్టారు. ఆ అయస్కాంతం మా కొట్టు కంటే పెద్దది. సన్నగా గుమ్మని మోగింది. పద్మ తీగచుట్ట ఉన్న చెక్కబండిని బండ మీద పెట్టి, వేలితో నెమ్మదిగా లోపలికి తోసింది. ఇటు అయస్కాంతం బలాన్ని గీసే యంత్రంలో, కాగితం మీద కలం కదిలింది. కింద నుంచి ఎక్కి, పైన సాఫీగా నడిచి, మళ్లీ దిగింది. ఎక్కడా ఒక్క వణుకు లేదు.

"ఇంకోసారి తొయ్యమ్మా" అన్నాను.

"ఎందుకు మాస్టారూ? చక్కగా వచ్చింది. ఇంకోసారి అవసరం లేదుగా?"

"అవసరం కాదు," అన్నాను. "కొసరు."